ఇరవై మూడు అని రాసిన రోజు

కండక్టరు ఉద్యోగం అనగానే జనానికి చిల్లర గొడవ గుర్తొస్తుంది. కొత్తగా చేరేవాళ్ళు కూడా దాని గురించే అడుగుతారు. చిల్లర సంగతి మూడు నెలల్లో ఎవరికైనా అలవాటవుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాక నాకు తెలిసిందేంటంటే, ఈ పనిలో కష్టమంతా మనుషుల్ని లెక్కపెట్టటంలో ఉంది. ఎక్కినవాళ్ళు ఎంతమంది, దిగినవాళ్ళు ఎంతమంది, లోపల ఉన్నది ఎంతమంది. వినటానికి ఇంతే.

మోకాళ్ళు మొరాయించి యాభై నాలుగో ఏట నేనే కాయితం రాసిచ్చి బయటికొచ్చాను. ఆఖరి నెలలో కొత్తగా చేరిన నలుగురు రూట్లు నేర్చుకోవటానికి నా బస్సులో తిరిగారు. "మీ అనుభవంలోది ఒక్క మాట చెప్పండి సార్" అని అడిగాడు అందులో ఒకతను. ఇంతలో స్టేజీ వచ్చింది, జనం ఎక్కారు, నేను చెప్పలేదు. జనం ఎక్కకపోయినా ఆ రోజు చెప్పుండేవాణ్ణి కాదు. ఇప్పుడు రాస్తున్నాను. మెమోలు, బదిలీలు, యూనియన్ సంగతులు ఇందులో ఉండవు. అవి మీకు క్యాంటీన్లో చెప్పేవాళ్ళు చానామంది ఉన్నారు.

నా లెక్కలు

పదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కల్లో ముప్ఫై ఆరు మార్కులు, అంటే పాసుకి పైన ఒక్కటి. నాకు లెక్కలు నేర్పింది గురజాల, కారంపూడి మధ్య తిరిగే పల్లె బస్సు. ఎవరూ చెప్పకుండా నా పద్ధతి నేను కనిపెట్టుకున్నాను. బస్సులో సీట్లు యాభై అయిదు. కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టక్కర్లేదు, ఖాళీ సీట్లు చూసి తీసేస్తే సరిపోతుంది. నిలబడ్డవాళ్ళ తలలు చూస్తే పొరపాటు పడతాం, ఒకరి వెనక ఒకరు దాగుతారు. పైన కడ్డీ పట్టుకున్న చేతులు చూడాలి. పిల్లలకి కడ్డీ అందదు కాబట్టి వాళ్ళకి సీటు అంచు పట్టుకున్న చేతులు. రెండు చేతులతో పట్టుకునేవాళ్ళు ఉంటారు, అందుకని పదికి ఒకటి తగ్గించుకోవాలి.

డ్రైవరు కోటయ్యన్నకి ఇదొక ఆట. అద్దంలోంచి నన్ను చూసి అరిచేవాడు.

"ఏందిరా లెక్కల మాస్టారూ, ఇయ్యాల ఎంత?"

"అరవై నాలుగు."

"అరవై మూడే. ఆ ముసలమ్మ సంచిలో ఉంది కోడిరా, మనిషి కాదు."

బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. కానీ వెంటనే వెనక్కి తిరిగి మళ్ళీ లెక్కపెట్టుకునేవాణ్ణి, నా అంకె తప్పు కాకూడదని. ఆ పట్టుదల మంచిదే అనుకున్నాను. నా పేరు డిపోలో దానివల్లే నిలబడింది.

చెకింగ్ ఇన్‌స్పెక్టర్

బడిపిల్లలకి పాసులుంటాయి. మిషన్లో వాళ్ళకి టిక్కెట్టు కొట్టం. ఒక్కో ట్రిప్పులో పాసుపిల్లలు ఎంతమంది ఎక్కారో ట్రిప్పు షీట్లో ఒక గడి ఉంటుంది, అందులో పెన్నుతో రాయాలి. పొద్దున ట్రిప్పులో కూలీలు, పాల క్యాన్లు, పిల్లలు అందరూ ఒక్కసారి మీద పడతారు. అప్పుడు పెన్ను తీసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని మేమంతా ఆ గడి బస్సు కదలకముందే నింపేవాళ్ళం. నిన్నటి అంకె ఇవాళ, ఇవాళ్టిది రేపు. రోజూ వచ్చే పిల్లలే కదా. నాకు నేర్పిన సీనియర్ అలాగే రాశాడు, నా తర్వాతవాళ్ళకి నేను అలాగే నేర్పాను.

ఒకసారి పొద్దున్నే చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. సన్నగా ఉంటాడు, గట్టిగా మాట్లాడడు. పిల్లల్ని ఒక్కొక్కరినే వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. పంతొమ్మిది. షీటు చూశాడు. పంతొమ్మిది. నా ఛాతీ కొంచెం పొంగింది. ఆయన బొటనవేలితో ఆ అంకె మీద రుద్ది చూశాడు.

"పిల్లలు ఎక్కి రెండు నిమిషాలు కాలా. సిరా ఎప్పుడో ఆరిపోయిందేందయ్యా?"

నేను షీటు వెనక్కి తీసుకున్నాను.

"అంకె సరిపోయింది కాబట్టి రాయటానికి నా దగ్గర ఏం లేదు" అని దిగిపోయాడు.

ఆయన మంచి అధికారి. కానీ ఆ రోజు నా మీద రిపోర్టు రాసుంటే బాగుండేదని తర్వాత చానాసార్లు అనుకున్నాను. తప్పు పద్ధతిలో సరైన అంకె రావటమంత ప్రమాదం మన పనిలో ఇంకోటి లేదు. ఎవరూ పట్టుకోరు. మనం కూడా మనల్ని పట్టుకోం.

గురువారం

నాలుగేళ్ళ కిందటి మాట. అంతకుముందే ఆ చుట్టుపక్కల చిన్న ఊళ్ళ బడుల్లో మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసి పెద్ద ఊరి హైస్కూల్లో కలిపారు. దాంతో ఎనిమిదేళ్ళ పిల్లలు బస్సెక్కటం మొదలైంది. నా ట్రిప్పులో కాలనీ స్టేజీలో పద్నాలుగు మంది, కాలవ వంతెన దగ్గర తొమ్మిది మంది ఎక్కుతారు. ఇరవై మూడు. అందరూ హైస్కూల్ స్టేజీలో దిగుతారు. కాలనీలో ఎనిమిదీ పదికి బయల్దేరితే హైస్కూలుకి ఎనిమిదీ ఇరవై నాలుగు. ఆరు కిలోమీటర్లు.

కాలనీ పిల్లల్లో షాహీనా ఒకతి. మూడో తరగతి. స్టేజీకి వంద గజాల్లో పంచర్ షాపు నడిపే ఖాసిం కూతురు. తల్లి మీరాబీ మిరపకోతలకి పోతుంది. పిల్లని రోజూ స్టేజీ దాకా తీసుకొచ్చి, బస్సెక్కించి, తర్వాత కూలీల ఆటో ఎక్కేది. ఆ గురువారం ఆటో ముందే వచ్చింది. మిగతా పిల్లలున్నారు కదా అని షాహీనాని వాళ్ళ మధ్య నిలబెట్టి ఆమె వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ పొద్దున బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మిరప కూలీలు మెట్ల మీద కూడా నిలబడ్డారు. నేను వెనక తలుపు దగ్గరే ఇరుక్కుపోయాను, పిల్లలు ముందు తలుపులో ఎక్కారు. షీట్లో ఇరవై మూడు ఉంది. డిపోలో టీ తాగుతూ రాసింది.

సాయంత్రం ట్రిప్పుకి హైస్కూల్ స్టేజీలో ఆగేసరికి జనం గుమిగూడి ఉన్నారు. షాహీనా ఇంటికి రాలేదు. బళ్ళో ఆ రోజు ఆబ్సెంటు వేశారు. పిల్ల రాలేదని ఇంటికి ఎవరూ కబురు పెట్టలేదు. ఎస్సై నా దగ్గరికి వచ్చాడు. చిన్నవయసు, నిలబడే రాసుకుంటున్నాడు.

"పొద్దున కాలనీలో పిల్లలు ఎంతమంది ఎక్కారు?"

షీటు తీశాను. "మొత్తం ఇరవై మూడు సార్, వంతెన దగ్గరవాళ్ళతో కలిపి."

"రోజూ ఎంతమంది?"

"ఇరవై మూడే."

"అంటే ఎవరూ తగ్గలేదు. ఈ పాప ఎక్కింది."

ఆయన అన్నది ప్రశ్న కాదు. నేను దాన్ని ఆపగలిగే సమయం ఉంది. చుట్టూ జనం చూస్తున్నారు. నా చేతిలో నా అక్షరాలతో నిండిన కాయితం ఉంది.

"ఎక్కింది సార్" అన్నాను.

మీరాబీ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూశావా అన్నా? ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా. లెక్క సరిపోయింది."

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఊరట కనిపించింది. తను వదిలేసిన చోట ఏమీ కాలేదు అన్న ఊరట. తర్వాత ఏడ్చింది. పోలీసులు హైస్కూలు వైపు వెతకటం మొదలుపెట్టారు. బడి వెనక బావి, సంత, పాడుబడ్డ పత్తి మిల్లు. ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న కాలనీ స్టేజీని ఎవరూ చూడలేదు.

శుక్రవారం

మర్నాడు పొద్దున నేను మొదటిసారి వేలు చూపించి లెక్కపెట్టాను. కాలనీలో పద్నాలుగు మందికి పదకొండు. షాహీనా పోగా ఇద్దరు ఎందుకు లేరని అడిగాను. ముందు సీట్లో లక్ష్మీప్రసన్న అనే పిల్ల కూర్చుంది, షాహీనా తరగతే.

"వాళ్ళిద్దరికీ జొరం మామా. మొన్నట్నుంచీ రావట్లా."

"నిన్న కూడా రాలేదా?"

"నిన్న కూడా రాలా. నిన్న నువ్వు ఎనకాలే ఉన్నావు, మమ్మల్ని చూళ్ళేదు" అని, గొంతు తగ్గించి చెప్పింది. "షాహీనా కూడా ఎక్కలా మామా. వాటర్ బాటిల్ మర్చిపోయానని ఎనక్కి పరిగెత్తింది. ఇంతలో బస్సొచ్చేసింది."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"మా అమ్మ పోలీసులతో ఏం మాట్లాడమాక అంది."

నేను మనసులో లెక్క వేశాను. ఇద్దరు జ్వరం, ఒకరు ఎక్కలేదు. నిన్న బస్సులో ఉన్నది ఇరవై మంది. నా కాయితం మీద ఇరవై మూడు. జ్వరం పిల్లలిద్దరి పేర్లూ బళ్ళో హాజరు పుస్తకంలో ఆబ్సెంటు కిందే ఉన్నాయి. ఆ పుస్తకం, నా షీటు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా నిమిషంలో తెలిసిపోతుంది. ఎవరూ పెట్టి చూడలేదు. నా అంకెని అంతగా నమ్మారు.

అప్పుడు టైము ఎనిమిదీ ఇరవై. నాలుగు నిమిషాలకి హైస్కూల్ స్టేజీ వచ్చింది, అక్కడ పోలీసు జీపు నిలబడే ఉంది. పిల్లలు దిగారు. నేను దిగలేదు. విజిల్ ఊదాను.

మధ్యాహ్నం డిపోలో కంట్రోలర్‌కి సంగతి చెప్పాను. పెద్దాయన, అందరికీ సాయం చేసేవాడు. తలుపు దగ్గరికి వేసి మాట్లాడాడు.

"ముందే నింపానని నీ నోటితో చెబితే సస్పెన్షన్. నీ ఒక్కడిదీ కాదు, డిపోలో అందరి షీట్లూ తీస్తారు. కాయితం ఇరవై మూడు అంటంది. నువ్వూ అదే అను. పిల్ల సంగతి పోలీసులు చూసుకుంటారు."

"తోటి చిన్నపిల్ల ఒకతి, ఆ పాప ఎక్కలేదని చెప్తంది సార్."

"చిన్నపిల్లలు చానా చెప్తారయ్యా."

ఆయన మీద నేను తప్పు వేయను. నాకు కావలసిన మాట ఆయన అన్నాడు, అంతే. చెప్పొద్దనే మనిషిని వెతుక్కుంటూ నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. కోటయ్యన్న దగ్గరికి వెళ్ళుంటే కాలర్ పట్టుకుని స్టేషన్‌కి లాక్కెళ్ళేవాడు. అది తెలిసే ఆయనకి చెప్పలేదు.

శనివారం

ఆ రోజు నాకు సెలవు. పొద్దున పది గంటలకి స్టేషన్‌కి వెళ్ళి ఎస్సైకి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. టోపీ తీసుకుని, "ఎక్కు" అన్నాడు. జీపులో కాలనీ స్టేజీకి వెళ్ళాం.

స్టేజీకి ఎదురుగా రాళ్ళ లారీలు తూకం వేసే కాటా ఉంది. దాని గోడ మీద కెమెరా, సరిగ్గా రోడ్డు వైపు. షాహీనా వెనక్కి పరిగెత్తిన దారి, పంచర్ షాపుకి వెళ్ళే మలుపు, అంతా అందులో పడుతుంది. కాటా గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"గురువారం పొద్దున ఎనిమిదీ పది" అన్నాడు ఎస్సై.

"ఇందులో రెండ్రోజులే ఉంటది సార్. తర్వాత దాని మీద కొత్తది ఎక్కుద్ది."

"ఎక్కడ్నుంచి ఉంది చూడు."

గుమాస్తా చూశాడు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. రికార్డు గురువారం పదకొండు గంటల నుంచి ఉంది.

రెండు గంటల యాభై నిమిషాలు తక్కువ.

ఎస్సై నా వైపు చూడలేదు. రికార్డయ్యే ఆ డబ్బాని గుంటూరు ల్యాబుకి పంపారు, పాత బొమ్మలు తిరిగి రాలేదు. ఆ తర్వాత కాలవలో వెతికారు, అప్పటికి రెండు రోజులుగా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. పాత రాళ్ళ గుంటలు తోడారు. ఆ పొద్దున కాటా దగ్గర ఆగిన లారీల నంబర్లు తీసి డ్రైవర్లని పిలిచి అడిగారు. లక్ష్మీప్రసన్న చెప్పిన దానికి మించి ఒక్క ముక్క కూడా దొరకలేదు. షాహీనా ఏమైందో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.

ఆ కెమెరాలో ఏమీ కనపడకపోయేదేమో. కొంతమంది నాకు అదే చెప్పారు, ఓదార్పుగా. అది ఎవరూ వేయలేని లెక్క. వేయగలిగిన లెక్క ఒకటే. శుక్రవారం ఎనిమిదీ ఇరవై నుంచి శనివారం పది దాకా ఇరవై అయిదు గంటల నలభై నిమిషాలు నేను నోరు మూసుకున్నాను.

నన్ను సస్పెండ్ చేయలేదు. రెండు ఇంక్రిమెంట్లు కోశారు. నేను దేనికి భయపడి ఆగానో అది అసలు జరగనే లేదు.

మీకు చెప్పాలనుకున్నది

లెక్కపెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడికి మెమో ఇస్తారు, తీసుకోండి. ఖాళీ గడి చూసి ఎవరూ తప్పు దారిన పోరు.

పిల్లల పేర్లు నేర్చుకోండి. నా పద్ధతిలో చేతులు చూసి లెక్కపెడితే అంకె వస్తుంది గానీ, ఏ చెయ్యి లేదో తెలియదు. ఇరవై మూడు మందిని రోజూ ఎక్కించుకున్న నాకు వాళ్ళలో నాలుగు పేర్లు తెలుసు.

ఎవరైనా "చూశావా" అని అడిగితే కాయితం వైపు చూడకండి.

ఆఖరి నెల

ఆ ఏడే నేను అడిగి మాచర్ల రూటుకి మార్పించుకున్నాను. నాలుగేళ్ళు కాలనీ ముఖం చూడలేదు. మీరాబీకి నా నోటితో ఏమీ చెప్పలేదు. పోలీసులు చెప్పే ఉంటారు అని సరిపెట్టుకున్నాను. ఆఖరి నెలలో కొత్తవాళ్ళకి చూపించటానికి మళ్ళీ పాత రూటు వేశారు.

ఒక మధ్యాహ్నం కారంపూడిలో ఆమె ఎక్కింది. ఆడవాళ్ళకి ఇప్పుడు టిక్కెట్టు డబ్బులు లేవు, కార్డు చూసి సున్నా టిక్కెట్టు కొట్టాలి. చాచిన ఆధార్ కార్డు మీద పేరు చూశాక తల ఎత్తాను. బాగా చిక్కిపోయింది.

"కాలనీకి" అంది. తర్వాత నన్ను గుర్తుపట్టింది. "కండక్టరన్నా! ఈ రూటు మానేశావంటగా?"

"మార్చారమ్మా" అన్నాను. అదొక అబద్ధం.

ఆమె పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగింది. "ఈ అన్నేనమ్మా మా పాప బస్సెక్కటం చూసింది. పోలీసోళ్ళు తర్వాత ఏదేదో మార్చారు. మా ఆయన ఇప్పటికీ నన్నే అంటాడు, స్టేజీలో వదిలేసి కూలికి పోయావని. ఈ అన్న మాట పట్టుకునే నేను బతుకుతున్నా. ఎక్కిందిగా అన్నా?"

బస్సులో ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. కొత్త కుర్రాళ్ళు నలుగురూ నా వెనకే నిలబడ్డారు. ఎక్కిందమ్మా అంటే ఆ మధ్యాహ్నానికి సరిపోయేది. ఆమెకి ఇంకో నాలుగేళ్ళకి సరిపోయేది.

"నేను చూడలేదమ్మా" అన్నాను.

"ఏందీ?"

"ఆ రోజు నేను పిల్లల్ని లెక్కే పెట్టలేదు. ఆ అంకె పొద్దున్నే డిపోలో రాసి పెట్టుకున్నా. షాహీనా ఎక్కలేదు. మర్నాడు పొద్దున నాకు తెలిసింది. తెలిసి కూడా ఒక రోజంతా చెప్పలేదు. చెప్పుంటే మీ స్టేజీ ఎదురుగా ఉన్న కెమెరాలో చూసేవాళ్ళు. నేను చెప్పేసరికి అది చెరిగిపోయింది."

ఆమె తిట్టలేదు. కిటికీ వైపు తిరిగింది. రెండు స్టేజీలు అలాగే కూర్చుంది. పక్కనావిడ లేచి ఇంకో సీటుకి వెళ్ళిపోయింది. కాలనీ వచ్చింది. మీరాబీ మెట్లు దిగి, కింద నిలబడి నా వైపు చూసింది.

"దిగు. ఇదంతా ఆయనకి చెప్పు. నేను చెబితే నమ్మడు."

డ్రైవరుని ఆగమని దిగాను. ఖాసిం పంచర్ షాపులో ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. మీరాబీ గుంజకి ఆనుకుని నిలబడింది. నేను మొదటి నుంచి చెప్పాను. అతను ట్యూబు తిప్పటం ఆపలేదు.

"ఎంత తక్కువైంది కెమెరాలో?" అన్నాడు చివరికి.

"రెండు గంటల యాభై నిమిషాలు."

"శుక్రవారం చెప్పుంటే?"

"మొత్తం ఉండేది."

అతని చెయ్యి నీళ్ళలో అలాగే ఆగిపోయింది. తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"ఎండలో నిలబడ్డావేంది? లోపలికి పో" అన్నాడు ఆమెతో.

తర్వాత నాతో అన్నాడు. "బస్సు ఆపుకొని వచ్చావు. పో. జనం కాసుకోనుంటారు."

నేను తిరిగి బస్సెక్కాను. గురజాల పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఎందుకు ఆలస్యమైందని బస్సులో ఎవరూ అడగలేదు.